రాడ్డు దించని శనివారం

పోయిన నెలలో పళ్ళు జివ్వుమంటుంటే డాక్టరు ఒక పేస్టు రాసిచ్చాడు. ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని ట్యూబు వెనక సన్నక్షరాలు చదివాను. పొటాషియం నైట్రేట్ అని ఉంది. ఆ రెండు మాటలే మళ్ళీ మళ్ళీ చదివాను. "ఏమిటండీ, పేస్టును కూడా పరీక్షకు చదివినట్టు చదువుతున్నారు?" అని మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పూట పాత పేస్టుతోనే కానిచ్చాను.

ఇరవై తొమ్మిదేళ్ళు ఆ ఉప్పు పక్కనే ఉద్యోగం చేశాను. పుస్తకాల్లో దాని పేరు సురేకారం. మా వైపు పెద్దవాళ్ళు పెట్లుప్పు అనేవారు. సికింద్రాబాదు పాత దుకాణాల్లో షోరా అని అడిగితేనే ఇచ్చేవారు. చూడ్డానికి వంటింటి ఉప్పులాగే ఉంటుంది. నాలుక మీద వేసుకుంటే చల్లగా తగులుతుంది. నీళ్ళలో కలిపితే నీళ్ళు చల్లబడతాయి. వెనకటికి నవాబుల ఇళ్ళలో తాగే నీటి కూజాను ఆ నీళ్ళలో పెట్టి తిప్పేవారట. మాంసం నిలవ ఉండటానికి వాడారు. తోటలకు ఎరువుగా వాడతారు, టపాసుల్లో వాడతారు. ఇప్పుడు నా పళ్ళకూ వచ్చింది. తనంతట తాను మండదు. పక్కన మండే వస్తువేదైనా ఉంటే దానికి ఊపిరి అందిస్తుంది, అంతే. ఆ ఊపిరితో మామూలు నూలు గుడ్డ కూడా ఎలా మండుతుందో నేను ఒక్కసారి చూశాను. ఆ సంగతే చెబుతాను. కొత్తగా షెడ్డుల్లో చేరే పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "సార్, మీ అనుభవం చెప్పండి" అంటుంటారు. వాళ్ళకు కొలిమి సంగతులు చెప్పాను గానీ దీన్ని మాత్రం ఎప్పుడూ దాటేశాను.

ఉమ్మడి రాష్ట్రం రోజులు. బోయిన్‌పల్లి దాటాక మా షెడ్డు. స్ప్రింగులకూ, ఉలులకూ వేడితో పదును పెట్టేవాళ్ళం. నిలువెత్తులో సగముండే ఇనప తొట్టి, దాని నిండా సురేకారం ఎక్కువగా కలిపిన ఉప్పు, చుట్టూ, అడుగునా కరెంటు హీటర్లు. వేడెక్కితే ఆ ఉప్పు కరిగి నీళ్ళలాగా తేటగా అవుతుంది. అందులో ఇనుమును ముంచి ఉంచితే పెళుసు పోతుంది. ఆ తొట్టిని బాత్ అనేవాళ్ళం. "మా సార్ ఇంట్ల తానం చేస్తడో లేదో గని, ఇనుముకైతే రోజు చేయిస్తడు" అని షెడ్డులో నా మీద జోకు.

ఆ బాత్‌కు ఒక మర్యాద ఉంది. ఆపేసిన తర్వాత ఉప్పు చల్లారి రాయిలా గట్టిపడుతుంది. మళ్ళీ స్విచ్ వేస్తే అడుగున ముందు కరుగుతుంది, పైన పెంకు మాత్రం గట్టిగానే ఉంటుంది. కరిగినది పొంగాలి, పోవడానికి దారి ఉండదు. అందుకని ఆపేటప్పుడే, ఉప్పు ఇంకా పల్చగా ఉండగా, కింది కొన సన్నగా ఉన్న లావుపాటి రాడ్డును అడుగు తగిలేదాకా దించి వదిలేయాలి. మర్నాడు దాన్ని కొట్టి, కదిపి, పైకి లాగి తీస్తే అడుగుదాకా ఒక బొక్క మిగులుతుంది. పొంగేదంతా ఆ బొక్కలోంచి మెల్లగా పైకి వస్తుంది. తర్వాత తక్కువ వేడి మీద స్విచ్ వేయాలి. ఇంతే. పదేళ్ళ పిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది.

ఆ బాత్ చూసే ఆపరేటరు బన్సీలాల్‌పేటాయన. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. షెడ్డులో అందరూ కాకా అనేవాళ్ళు, నేను తప్ప. నేను డిప్లొమా చదివి సూపర్‌వైజరుగా వచ్చినవాణ్ణి. గుంటూరు వైపు నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో అద్దెకుంటూ, ఆదివారాలు చర్చి క్వాయర్‌లో పాడుతూ, నలుగురిలో మర్యాదస్తుణ్ణని పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఆయన్ని మాత్రం "ఏమయ్యా" అనే పిలిచేవాణ్ణి.

ఆయనకు ప్రతిదీ అడిగి చేసే అలవాటు. "సార్, గిదెంత సేపుంచాలె? సార్, జెర వేడి తగ్గించాల్నా?" తెలియక కాదు, చెప్పి చేస్తే మంచిదని. ఒకరోజు బయటి కంపెనీవాళ్ళు షెడ్డు చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఆయన అలాగే వచ్చి అడిగాడు. వాళ్ళ ముందు నాకు ఏమీ తెలియనట్టు కనబడిపోతుందేమోనని నాకు చిర్రెత్తింది.

"ఇరవయ్యేళ్ళ సర్వీసు పెట్టుకుని స్విచ్ వేయడానికి కూడా నేను రావాలా? ఇక నుంచి నన్నేమీ అడక్కు. చెప్పిన టైముకు పని అవ్వాలి, అంతే."

వచ్చినవాళ్ళు నవ్వారు. మావాళ్ళలో ఇద్దరు కూడా నవ్వారు. కాకా "అట్లనే సార్" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నిజంగానే నన్నేమీ అడగలేదు. బాగుపడ్డాడనుకున్నాను.

ఇక ఆ శనివారం. సోమవారం మధ్యాహ్నానికల్లా స్ప్రింగులు లారీ ఎక్కాలి. కాకా ఇంట్లో మనవరాలి పుట్టువెంట్రుకలు, మధ్యాహ్నమే సెలవు పెట్టాడు. వెళ్తుంటే పిలిచి చెప్పాను. "సోమవారం అయిదింటికల్లా రా. ఎనిమిదిన్నరకు బాత్ రెడీగా ఉండాలి. సాకులు చెప్పకు."

"వస్త సార్," అన్నాడు.

సాయంత్రం బాత్ ఆపే పని నా మీద పడింది. ఈస్టరు పాటల ప్రాక్టీసుకు అప్పటికే ఆలస్యమైంది. స్విచ్ ఆపాను, మూత వేశాను, చేతులు కడుక్కున్నాను. రాడ్డు గోడకు ఆనించి ఉంది. దాని పక్కనే టవలు తగిలించి ఉంటే తీసుకుని మొహం తుడుచుకున్నాను. రాడ్డు చూశాను కూడా. చూసి, బస్సుకోసం పరుగెత్తాను.

ఆదివారం చర్చిలో, అందరూ తలవంచి ఎవరి తప్పులు వాళ్ళు మనసులో ఒప్పుకునే సమయంలో, ఆ రాడ్డు కళ్ళ ముందుకొచ్చింది. తర్వాతి పాటలో గొంతు కలపలేకపోయాను. పక్కనున్న ఆయన మోచేత్తో పొడిచాడు.

ఆ రోజంతా ఇంట్లో ఒకచోట కూర్చోలేదు. అన్నం ముందు కూర్చుని లేచాను, పేపరు తీసి పెట్టేశాను, గేటుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. కాకా గోడ దగ్గర రాడ్డు చూస్తాడు గదా, బాత్‌లో బొక్క లేదని తెలుస్తుంది గదా, స్విచ్ వేయడు గదా. వేయకపోతే స్ప్రింగులు కావు, మేనేజరు అడుగుతాడు, నా పొరపాటు బయటపడుతుంది. చూశారా, భయపడింది కూడా దేనికో! సాయంత్రానికి ఇక ఉండబట్టలేక బన్సీలాల్‌పేటకు నడిచి వెళ్ళాను. కాకా ఇల్లున్న సందు మొదట్లోనే చుట్టాలు, కుర్చీలు, పిల్లల అరుపులు. గుమ్మం ముందు కాకా కొత్త చొక్కాలో ఎవరికో నీళ్ళందిస్తున్నాడు. పది అంగలు వేసి ఒక్క మాట చెబితే అయిపోయేది: రాడ్డు వేయలేదు, స్విచ్ వేయకు. అంతమందిలో, స్విచ్ వేయడం కూడా రాదా అని నేను తిట్టిన మనిషికి, రాడ్డు వేయడం నేను మరిచిపోయానని ఎలా చెప్పను? రేపు అయిదింటికి నేనే షెడ్డులో ఉంటే సరిపోతుంది కదా అనుకున్నాను. వెనక్కి తిరిగాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారబోయే ముందు పట్టింది. లేచేసరికి ఆరు దాటింది.

నేను షెడ్డు గేటు దగ్గర బస్సు దిగుతుండగానే ఆ చప్పుడు విన్నాను. బాంబు పేలినట్టేమీ లేదు. నిండు బస్తా మేడ మీంచి పడినట్టు ధబ్బుమంది. ఆ వెంటనే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు చిటపటలు. లోపలికి పరుగెత్తేసరికి కాకా తొట్టికి దూరంగా పడి ఉన్నాడు. చొక్కా కుడి చేయి మండుతోంది. మామూలు మంట కాదది. బుసకొడుతూ, తెల్లగా, చేత్తో కొడితే ఆరనిది. అప్పుడే పనికొచ్చిన మావాళ్ళు ఆయన్ని బయటికి లాక్కుపోయి డ్రమ్ములోని నీళ్ళు కుమ్మరించారు. చేయి, మెడ, కుడి కంటి రెప్ప కాలాయి. ఆటో తెచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

ఒక్క నిమిషం షెడ్డులో నేనొక్కణ్ణే మిగిలాను. రాడ్డు గోడకే ఉంది. దాన్ని ఎత్తి తెచ్చి తొట్టి పక్కన నేల మీద పడుకోబెట్టాను, ఎవరో బాత్‌లోంచి లాగి పడేసినట్టు. ఆలోచించి చేయలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. బాగా ఆలోచించాను. ఆ ఒక్క నిమిషంలో నా బుర్ర పనిచేసినట్టు మళ్ళీ ఎప్పుడూ పనిచేయలేదు.

మేనేజరు పటాలంలో పనిచేసి రిటైరైనాయన. సైనిక్‌పురి నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. వచ్చీరాగానే అడిగాడు. "రాడ్డు వేశారా శనివారం?"

"వేశాను సార్. అదిగో, తీసినట్టున్నాడు. ఒకేసారి ఫుల్ హీట్ పెట్టి ఉంటాడు."

ఆయన నేల మీది రాడ్డు చూశాడు. ఉప్పంతా చిమ్మిపోయింది, బొక్క ఉందో లేదో చెప్పే సాక్ష్యం లేదు. ఆసుపత్రిలో కాకాను అడిగితే "యాది లేదు సార్" అన్నాడట. రిపోర్టులో ఆపరేటరు నిర్లక్ష్యమని రాశారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ రిపోర్టు మీద సంతకం పెడితే ఉద్యోగంలోంచి తీసేయడమని తీర్మానం.

ఆసుపత్రికి మూడుసార్లు వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా కాకా భార్య ఆయన్ని నా ముందే దులిపేది. "జెర సూసుకోని పని చెయ్యుమని ఎన్నిసార్లు మొత్తుకున్న? ఇంటడా? గీ సార్ మంచోడు గాబట్టి పండ్లు పట్టుకోని వస్తుండు. ఇంకొకలైతే మొకం సుత సూడకపోదురు." కాకా గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను బత్తాయిలు స్టూలు మీద పెట్టి బయటపడేవాణ్ణి.

క్వాయర్ మానేశాను, గొంతు బాగాలేదని చెప్పి. ఇంట్లో చిన్నదానికి పెద్దదానికి కస్సుమనేవాణ్ణి. బస్సులో సీటు దొరికినా నిలబడే వెళ్ళేవాణ్ణి.

కాకా సంతకం పెట్టాల్సిన రోజు వచ్చింది. ఆ పొద్దున షెడ్డుకని బయల్దేరి, బన్సీలాల్‌పేట దగ్గర దిగిపోయాను. ఎందుకు ఆ రోజే దిగానో చెప్పలేను. ధైర్యం వచ్చి కాదు. ఆ కాగితం మీద ఆయన సంతకం పెట్టే గదిలో నేనూ ఉండాలని మేనేజరు చెప్పాడు. అది చూడలేననిపించింది.

కాకా మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి చేతికి వేళ్ళదాకా కట్టు. ఆయన భార్య లోపల చాయ్ పెడుతోంది. నేను నిలబడే చెప్పేశాను. "రాడ్డు నేను వేయలేదు. మరిచిపోయాను. తర్వాత నేనే తెచ్చి కింద పెట్టాను."

కాకా తల ఊపాడు. "నాకెర్కనే సార్."

"తెలుసా?"

"పొద్దుగాల వచ్చుడుతోనే గోడకు సూసిన రాడ్డును. ఉప్పు మీద చెయ్యేసి సూసిన, బొక్క లేదు. తర్వాత రాడ్డు కింద పడున్నదని దవాఖానల ఇన్న. ఎవలు కింద పెట్టిన్రో సమజైంది."

"మరి ఎందుకు స్విచ్ వేశావ్... ఎందుకు వేశారు?" నోట్లో ఆ 'మీరు' కొత్తగా తిరిగింది.

"ఎవల్నడగాలె? అడగొద్దని మీరే అంటిరి. ఎనిమిదిన్నరకు రెడీ ఉండాల్నంటిరి. ఎదురంగ కిరాణ దుకాణంల ఫోనున్నది, గది సుత తెరువలే. సదువుకున్న సారు, ఇంకేదన్న తీరుగ బంద్ చేసిండేమో అనుకున్న. జెర జెర వేడి పెడితే ఏం కాదనుకున్న."

"ఆసుపత్రిలో చెప్పొచ్చు కదా!"

"ఏమని? రాడ్డు లేదని సూసి సుత స్విచ్చేసిన అని చెప్పాల్నా? గప్పుడు నా తప్పే అయితది గద!" కాలని వైపు మొహంతో కొంచెం నవ్వాడు. "మీరు మీ కోసం దాస్తిరి, నేను నా కోసం దాస్తిని."

ఆయన భార్య చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. గ్లాసులు నాకివ్వలేదు, గూట్లో పెట్టింది.

"రెండు నెల్ల సంది గీన్ని నేను తిట్టని తిట్టు లేదు. నీ పండ్లు తినుకుంట నిన్ను మంచోడన్న." ఆమె గొంతు పెద్దది చేయలేదు. "ఒక్క మాట అడగనీకె గీనికి భయం, ఒక్క మాట చెప్పనీకె నీకు సిగ్గు. మంచిగున్నరు ఇద్దరు. నడువుండ్రి, నాకు చెప్పింది షెడ్డుకు పోయి చెప్పుండ్రి. చాయ్ తిరిగొచ్చినంక తాగుతరు."

ఇద్దరం బస్సెక్కాం.

నేను చెప్పింది విని మేనేజరు పెన్నుకు మూత పెట్టేశాడు. "ఫైల్ క్లోజ్ అయిపోయింది. ఇప్పుడెందుకు పరేషాన్ చేస్తున్నావ్? నీ ఉద్యోగానికేమవుతుందో తెలుసా?"

"తెలుసు సార్."

"అయితే రాసివ్వండి. ఇద్దరూ. విడివిడిగా."

బయట బెంచీ మీద కూర్చుని నాది రాశాను. మరిచిపోయింది, సందు మొదటి నుంచి వెనక్కి తిరిగింది, రాడ్డు జరిపింది, అంతా. రాడ్డు ఉండే మూల బల్బు పోయి అప్పటికే నెలైందని కూడా రాశాను. అది నిజమే. తర్వాత కాకాది. చేతికి కట్టు, కంటికి ఇంకా మసక. ఆయన చెబుతుంటే నేను రాయాలి.

"రాయుండ్రి. నేను అయిదింటికి వచ్చిన. రాడ్డు గోడకు ఉన్నది సూసిన. బొక్క లేదు. ఎర్కయ్యి కూడ స్విచ్చేసిన. గది నా తప్పు."

పెన్ను ఆగింది. ఆ ఒక్క మాట కాగితం మీద ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. సూపర్‌వైజరును కిందికి దించుతారు, ఆపరేటరును తీసేస్తారు. తెలిసి వేశాడన్న మాటకు ఏ కంపెనీ ఊరుకోదు.

"అది అక్కర్లేదు," అన్నాను మెల్లగా.

"అక్కెరున్నది. మీరు మొత్తం చెప్పి, నేను సగం చెప్తే నా పెండ్లాం మొకం ఎట్ల సూడాలె? రాయుండ్రి."

రాశాను. రాసి ముగించాక ఆయన, "నాకు అక్షరాలు ఆనుత లెవ్వు. సదివి ఇనిపియ్యుండ్రి," అన్నాడు.

చదివాను. అయిదింటికి వచ్చింది, రాడ్డు చూసింది, బొక్క లేనిది, తెలిసీ వేసింది, తప్పు తనదన్నది, ఆయన చెప్పిన వరసలోనే అన్నీ చదివాను. "మంచిగ రాసిన్రు" అని ఎడమచేతి వేలిముద్ర వేశాడు.

మేనేజరు రెండు కాగితాలూ చదివి కాకావైపు చూశాడు. "ఇందులో ఉన్నదంతా నిజమేనా?"

"అంత నిజమే సార్. ఒక్క మాట సుత దాచలే."

నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

నన్ను సూపర్‌వైజరు పని నుంచి దించారు. మళ్ళీ ఆ కుర్చీలోకి రావడానికి ఏడేళ్ళు పట్టింది. అందులో అన్యాయమేమీ లేదు. కాకాను తీసేయలేదు. స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. నేనూ అప్పటినుంచి ఆయన్ని కాకా అనే పిలిచాను. కొత్తగా చేరినవాళ్ళు ఏదైనా పాడుచేసి బిక్కమొహం వేసుకుని స్టోర్స్‌కు వస్తే ఆయన కూర్చోబెట్టి చాయ్ తెప్పించేవాడు.

"దాయకుండ్రి బిడ్డా. నన్ను సూడుండ్రి. తెలిసి తప్పు చేసిన అని కాయితం మీద రాసిచ్చిన. అయినా ఉంచిన్రు. సార్‌నడుగుండ్రి, ఆయన చేత్తోనే రాసిండు."

వాళ్ళు నావైపు చూసేవాళ్ళు. నేను తల ఊపేవాణ్ణి.

కాకా పోయి నాలుగేళ్ళయింది. ఆయన మాట నమ్మి, మేనేజరు గదిలోకి వెళ్ళి తప్పు ఒప్పుకున్నవాళ్ళు నాకు తెలిసి అయిదారుగురున్నారు. కొందరికి మేలు జరిగింది, ఒకరిద్దరికి ఉద్యోగం పోయింది. పోయినవాళ్ళు స్టోర్స్ ముందు నిలబడి కాకాను ఏమీ అనలేక వెళ్ళిపోవడం చూశాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. విప్పితే ఆయన ఒక్కరోజు కూడా ఆ స్టోర్స్ కుర్చీలో కూర్చునేవాడు కాదు.

ఆ కాగితంలో నేను రాసింది మూడు వాక్యాలు. అయిదింటికి వచ్చానని, చెప్పినట్టే తక్కువ వేడి మీద స్విచ్ వేశానని, గంటన్నర తర్వాత ఉప్పు చిమ్మిందని. మిగతాదంతా తెల్ల కాగితాన్ని చూస్తూ చదివాను. ఆయన నిజమే చెప్పాడు. రాయనిది నేను.